పులిసిన తెర

"నీ మాగాయ జాడీయే" అన్నారు మా ఆయన, గాలిలోకి ముక్కెత్తి. "మూత సరిగ్గా పెట్టి ఉండవు."

"మూత ఉంది, మూత మీద గుడ్డ ఉంది, గుడ్డకి తాడు ఉంది. వాసన మీ బల్ల మీంచి వస్తోంది" అన్నాను నేను.

"ప్లాస్టిక్కుకి పులుపు వాసన ఎక్కణ్ణించి వస్తుందే?"

"మాగాయకి బల్లెక్కి కూచునే అలవాటు లేదు కదండీ, అదీ ఆలోచించండి."

ఆదివారం మొదలైన ఈ వాదన బుధవారానికి ఇల్లంతా పాకింది. మా అబ్బాయి సాకేత్ ఇద్దరి మాటలకూ తలూపి డ్యూటీకి వెళ్ళిపోయాడు. వాడిది పోర్టులో షిఫ్టు ఉద్యోగం. ఇంట్లో తగువు ముదిరినప్పుడల్లా ఎందుకో వాడి షిఫ్టు మారుతుంది. మా అత్తగారు మాత్రం నా పక్షం చేరారు. నేనీ ఇంటికి కోడలిగా వచ్చాక ఆవిడ నా పక్షం చేరడం అదే మొదలు. నా మీద ప్రేమతో కాదు. ఆ మాగాయ కలిపింది ఆవిడ.

"శంకరం! నా చేతి మాగాయ కంపుకొడుతోందని ఇంకోసారన్నావంటే ఈ ఇంట్లో మంచినీళ్ళు ముట్టను" అన్నారావిడ, మంచినీళ్ళు తాగుతూ.

బల్ల అంటే మా భోజనాల బల్ల. మా ఆయన భీమశంకరం గారు విద్యుత్ శాఖలో రిటైరైన నెలలోనే దాన్ని స్వాధీనం చేసుకున్నారు. కాకినాడలో ఉన్న పాతసామాన్ల కొట్లన్నీ తిరిగి ల్యాప్‌టాప్‌లు పోగేసి దాని మీద పరిచారు. ఇప్పటివాళ్ళు చేతిలో పట్టుకుని తిరిగేలాంటివి కావు. ఇటికంత మందంగా ఉండి, ఒళ్ళో పెట్టుకుంటే కాళ్ళు తిమ్మిరెక్కే రకం. ఒక్కదానికీ తెర సరిగ్గా కనిపించదు. మూలల నుంచి నల్లటి మరకలు పాకుతూ వచ్చి మధ్యలో కలుసుకుంటాయి. వాటిని బాగుచేయడం ఆయనకు సరదా. మేం నేల మీద చాపేసుకుని తింటున్నాం.

చివరికి తీర్పు చెప్పింది మా కోడలు తన్మయి. దానికి అప్పుడు మూడో నెల. ఆ నెలలో ఆడవాళ్ళ ముక్కు ముందు పోలీసు కుక్క కూడా చాలదు. లేచి వచ్చి, బల్ల చుట్టూ ఒకసారి తిరిగి, ఒక నల్ల ల్యాప్‌టాప్ దగ్గర ఆగింది.

"దీన్లోంచే మావయ్యగారూ."

మా ఆయన మూత తెరిచారు. పులుపు గుప్పుమంది. అత్తగారు గ్లాసు కింద పెట్టి విజయగర్వంతో నావైపు చూశారు. వాదనలో ఓడిపోయిన మా ఆయన ముఖం మాత్రం దీపం పెట్టినట్టు వెలిగింది.

"ఓరి దీని దుంపతెగ! తెర మీది పొర చెడిందే! పుస్తకాల్లో చదవడమే గానీ ఎప్పుడూ వాసన చూళ్ళేదు. అద్దం మీద పల్చటి పొర ఒకటి అంటించి ఉంటుంది హైమా. ఏళ్ళు గడిచి, మన ఊరి ఉక్కకీ తేమకీ అది కుళ్ళి ఈ వాసన కొడుతుంది. ఇంగ్లీషులో దీన్ని వెనిగర్ జబ్బంటారు."

"పాపం, నా మాగాయకి క్షమాపణ చెప్పు" అన్నారు అత్తగారు.

"నాకయితే ఈ వాసన బావుందండీ" అంది తన్మయి, ఇంకాస్త దగ్గరికి వంగి.

దానికి బావుంటుంది మరి. ఆ రోజుల్లో దాని కడుపులో పులుపు తప్ప మరేదీ నిలిచేది కాదు. పాలు తాగితే పాలు, ముద్దపప్పు తింటే ముద్దపప్పు, దిగిన దారినే తిరిగొచ్చేవి. చింతపండు చారు పోసి పిసికిన అన్నం, మామిడికాయ పప్పు, నిమ్మకాయ పిండిన మజ్జిగ. ఈ మూడూ లోపల కుదురుగా కూచునేవి. డాక్టరమ్మ కూడా "ఏది నిలిస్తే అదే పెట్టండి. ఇప్పటికే బరువు తగ్గింది, ఇంక తగ్గకూడదు" అని గట్టిగా చెప్పింది. అందుకని మా వంటింట్లో చింతపండు ఎప్పుడూ నానుతూనే ఉండేది.

ఆ వారమంతా మా ఆయన నా ప్లాస్టిక్ అట్లకాడతో, తన్మయి జుట్టు ఆరబెట్టుకునే యంత్రంతో ఆ తెర మీది పొర వెచ్చబెట్టి ఒలిచారు. కింద మిగిలిన జిగురు గోకారు. కొత్త పొర తెప్పించి అంటించారు. మొదటిసారి అడ్డంగా అంటించారేమో, నలుపంతా తెలుపుగా, తెలుపంతా నలుపుగా కనిపించింది. మళ్ళీ ఒలిచి తిప్పి అంటించారు. తెర మీద అక్షరాలు స్పష్టంగా వెలిగాయి. ఆయన ఇంటిల్లిపాదినీ పిలిచి చూపించారు. "బాగానే ఉంది గానీ ఇందులో సీరియల్ వస్తుందా?" అన్నారు అత్తగారు. రాదన్నారు. ఆవిడ వెళ్ళిపోయారు.

సంగతి అక్కడితో ముగిసిపోవలసింది. కానీ ఆ ఏడాది మా ఊరికి పాత యంత్రాల మోజు పట్టింది. ఎవరి అటక మీద ఏముంటే దానికి దండలు పడ్డాయి. ఒక కాలేజీలో టైపు మిషనుకు పుట్టినరోజు చేశారు. ఆ ఊపులో 'యంత్ర వారసత్వ పరిరక్షణ మండలి' అని ఒక ఆఫీసు వెలిసింది. దానికొక జీపు వచ్చింది, రబ్బరు ముద్ర వచ్చింది, దివాకరం గారనే సహాయ సంరక్షణాధికారి వచ్చారు. కాపాడవలసిన వస్తువులే ఇంకా రాలేదు. అందుకని వాళ్ళు ఒక సభ పెట్టి, మా ఆయన్ని మాట్లాడమన్నారు.

సభకొక నియమం ఉంది. అంతా తెలుగులోనే మాట్లాడాలి. ఇంగ్లీషు మాట దొర్లితే వేదిక పక్కన కూర్చున్నాయన గంట కొడతాడు. మా ఆయన "స్క్రీన్" అన్నారు, గంట మోగింది. "డిస్‌ప్లే" అన్నారు, గంట మోగింది. "వెనిగర్" అనగానే గంట రెండుసార్లు మోగింది. మా ఆయన చెమట తుడుచుకుని, కళ్ళు మూసుకుని ఆలోచించి, ఎదర కూర్చున్న నావైపు చూసి, ఆ చూపుతో ఏం గుర్తొచ్చిందో గానీ అన్నారు:

"అంటే... కొన్నాళ్ళకి తెర పులిసిపోతుందండీ. మన పిండి పులిసినట్టు."

చప్పట్లు మారుమోగాయి. గంటాయన కూడా గంట కింద పెట్టి చప్పట్లు కొట్టాడు. దివాకరం గారు కుర్చీలో ముందుకు జరిగారు.

"అద్భుతం! పులిసిన తెర! ఎంతటి దేశీయమైన వ్యక్తీకరణ! దేనివలన పులియునండీ?"

మా ఆయన తేమ గురించి, ఉక్క గురించి చెప్పబోయి నోరు తెరిచారు. సరిగ్గా అప్పుడే శాలువా కప్పారు. 'గౌరవ తెర సంరక్షకులు' అని బిరుదు చదివారు. శాలువాలోంచి తల బయటికొచ్చేసరికి ఆయనకా ప్రశ్న గుర్తులేదు. ఇంటికొచ్చాక నేను గుర్తుచేస్తే, "చెబుదాంలే, ఏం పోయింది?" అన్నారు, అద్దంలో శాలువా సర్దుకుంటూ.

మర్నాడు జీపు మా గుమ్మంలో ఆగింది. దివాకరం గారు బల్ల చుట్టూ చేతులు వెనక్కి కట్టుకుని తిరిగారు. వాసన చూశారు. మళ్ళీ చూశారు. ఆ ముక్కు అలా గాలిలో ప్రయాణం చేసి మా వంటింటి గుమ్మం దగ్గర ఆగింది.

"అక్కడ ఏమి ఉన్నదండీ?"

"వంటిల్లండీ" అన్నాను.

"అందులో?"

"పొయ్యి మీద చారండీ."

ఆయన మా ఆయన వైపు తిరిగి, రోగి బంధువులతో డాక్టరు మాట్లాడే గొంతుతో అన్నారు: "శంకరం గారూ, తమ తెరలు ఎందులకు పులియుచున్నవో నాకిప్పుడు అవగతమైనది."

"అబ్బెబ్బే, చారుకీ దానికీ సంబంధం లేదండి. ఆ పొర దానంతటదే..."

"తమరు సంరక్షకులు. సంరక్షణ తమ పరిధి. కారణ నిర్ణయము కమిటీ పరిధి. పరిధులను ఉల్లంఘించవద్దు."

కమిటీ కూర్చుంది. టిఫిన్ తిని లేచింది. వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. మా గేటుకి అంటించి వెళ్ళారు. 'శ్రీ భీమశంకరం గారి గృహమందలి సంరక్షిత తెరలు పులియుటకు పరిసరములందలి పులుపే హేతువని కమిటీ ఏకగ్రీవముగా అభిప్రాయపడినందున, సదరు గృహము మొదలుకొని వీధి చివరల వరకు గల ప్రాంతము పులుపు నిషిద్ధ మండలముగా ప్రకటించడమైనది. చింతపండు, నిమ్మ, మామిడి, గోంగూర, చుక్కకూర, ఉసిరి, నిన్నటి పెరుగు నిషేధింపబడినవి. టమాటా విషయము పరిశీలనలో నున్నది.'

అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివారు.

"అయితే మనం ఏం తినాలిట?"

"కాకరకాయ గురించి ఏమీ రాయలేదు మామ్మా" అన్నాడు సాకేత్.

"నువ్వు డ్యూటీకి పోరా."

తనిఖీకి వసుంధర అనే అమ్మాయి వచ్చింది. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్ల, ఎంతో మర్యాదస్తురాలు. చేతిలో నీలం కాగితం ముక్కల పెట్టె. స్కూల్లో సైన్సు మాస్టారు చూపించేవారే, అవి. పులుపులో ముంచితే ఎర్రబడతాయి. పప్పులో ముంచింది, ఎర్రబడింది. పప్పు వెళ్ళిపోయింది. కూరలో ముంచింది, కూర వెళ్ళిపోయింది. మాగాయ జాడీలో ముంచక్కర్లేకపోయింది. మూత తీయగానే కాగితం దానంతటదే సిగ్గుపడ్డట్టు ఎర్రబడింది. అత్తగారు జాడీని కావలించుకున్నారు. దాన్ని ఆవిడ ఒళ్ళోంచి తీయడానికి వసుంధర ఎంతో ఓర్పుగా బతిమాలింది.

ఆఖరికి రుబ్బి పెట్టిన అట్లపిండి గిన్నె దగ్గర ఆ పిల్ల ఉలిక్కిపడి వెనక్కి జరిగింది.

"ఇది పులుస్తోందా మేడమ్?"

"రేపటికి పులుస్తుందమ్మా. లేకపోతే అట్లెలా వస్తాయి?"

"అన్నిటికన్నా ప్రమాదం ఇదే మేడమ్. పిండి పులియడం, తెర పులియడం, రెండూ ఒకటే క్రియ. క్రియ ఒకటైతే ప్రక్రియ కూడా ఒకటేనని మా సర్ నోట్ రాశారు."

పిండి జీపెక్కింది.

తర్వాత ఆ కాగితాలు వీధిలో పడ్డాయి. మా వీధి మధ్యలో టిఫిను బండి అబ్బులు సాంబారు మానేసి బెల్లం పానకం పోయడం మొదలుపెట్టాడు. పిండి పులియనివ్వకూడదు కనుక రుబ్బిన వెంటనే ఇడ్లీ వేసేవాడు. అవి ప్లేటులో పడితే చప్పుడొచ్చేది. ఎవరో నిలదీస్తే, "ఆయ్, ఇడ్లీ అడిగారండి, ఇచ్చానండి. పళ్ళూడితే శంకరం గారి కంప్యూటర్లనడగండి, నన్నడక్కండి" అన్నాడు. మా పక్కింటివాళ్ళు పలకరించడం మానేశారు. వీధిలోని రామమందిరంలో శనివారం ప్రసాదంగా పసుపన్నం ఒట్టిది పంచారు. బోర్డు మీద 'పులిహోర' అన్న చోట 'పులి' మీద తెల్లరంగు పూశారు. భక్తులు వరసలో నిలబడి, హోర తీసుకుని, కళ్ళకద్దుకుని వెళ్ళిపోయారు.

ఇవన్నీ సర్దుకుపోవచ్చు. మా వీధివాళ్ళు సర్దుకుపోవడంలో గట్టివాళ్ళు. సర్దుకుపోలేనిది తన్మయి కడుపు.

మొదటిరోజు పులుపు లేని పప్పన్నం రెండు ముద్దలు తిని పెరట్లోకి పరిగెత్తింది. ఇడ్లీ పెడితే ఇడ్లీ వచ్చేసింది. కాకరకాయ చూడగానే వచ్చేసింది. వాంతి చేసుకుని నోరు కడుక్కుని, "నేను బానే ఉన్నానత్తయ్యా" అనేది. దాని గాజులు మోచేతి దాకా జారడం నేను చూస్తూనే ఉన్నాను. అత్తగారు జపమాల సంచిలో నిమ్మచెక్క దాచి దానికి అందించబోయి పట్టుబడ్డారు. "భగవన్నామంలో పులుపేమిటి మామ్మగారూ?" అని వసుంధర నొచ్చుకుంది.

నేను మా ఆయన్ని వెంటబెట్టుకుని దివాకరం గారి దగ్గరికి వెళ్ళాను. సంగతంతా చెప్పాను. ఆయన ఎంతో సానుభూతితో విన్నారు.

"అమ్మా, మండలి అమానుషము కాదు. గర్భవతుల యెడ మాకు గౌరవమున్నది. తమ కోడలు నిరభ్యంతరముగా పులుపు తినవచ్చును. మండలము వెలుపల."

"వెలుపలంటే?"

"వీధి చివర తెల్లగీత గీయించినాము గదా. గీతకు అవతల."

"రోడ్డు మీదా అండీ?" అన్నాను.

"రోడ్డు పురపాలక సంఘము వారిది. అది మా పరిధి కాదు" అన్నారు నిష్కర్షగా.

మా ఆయన ఏదైనా అంటారేమోనని చూశాను. ఆయన గోడ మీద తన ఫొటో చూసుకుంటున్నారు. సభనాటి ఫొటో, శాలువాతో. బయటికొచ్చాక, "మరీ మొండిగా ఏం లేడు పాపం, దారి చూపించాడు కదా" అన్నారు. నేను ఆయన్ని అక్కడే వదిలేసి ముందుకి నడిచాను.

అలా మధ్యాహ్నం పూట మా ఇంటి నుంచి ఊరేగింపు బయల్దేరేది. వేరే వీధిలోని మా చెల్లెలింట్లో వండించిన చారు క్యారేజీని గీత దగ్గర అందుకోవడానికి ముందు నేను, వెనక ప్లాస్టిక్ కుర్చీ పట్టుకుని సాకేత్, ఆ వెనక గొడుగు పట్టుకుని అత్తగారు, గొడుగు కింద తన్మయి. గీత అవతల కుర్చీ వేసి కూచోబెట్టేవాళ్ళం. చారన్నం నోట్లో పెట్టుకోగానే ఆ పిల్ల ముఖంలో రంగు తిరిగేది. చూసినవాళ్ళకి ఆకలి పుట్టేది. నాలుగైదు రోజుల్లో వీధివాళ్ళు కూడా క్యారేజీలతో రావడం మొదలుపెట్టారు. అబ్బులు గీత అవతలికి బండి తోసి సాంబారు పెట్టాడు. రాములవారి పులి కూడా హోరను వెతుక్కుంటూ అక్కడికే వచ్చింది. గీతకి అవతల మా వీధి మొత్తం ఆవకాయ, గోంగూర పంచుకుంటూ తింటుంటే పెళ్ళి బంతిలా ఉండేది. మాతో మాటలు మానేసిన పక్కింటావిడ కూడా తన్మయి కంచంలో చింతకాయ పచ్చడి వేసింది.

ఈ సంతోషం దివాకరం గారి చెవిన పడింది. ఆయన వచ్చి, గీతకు ఇవతల నిలబడి, తిని తిరిగొస్తున్న జనాన్ని చూసి ఆలోచనలో పడ్డారు.

"శంకరం గారూ! వీరందరు పులుపును ఎక్కడ పెట్టుకుని మండలములోనికి వచ్చుచున్నారు?"

"ఎక్కడా పెట్టుకోలేదండి. తినేశారు."

"అదే! కడుపులో పెట్టుకుని వచ్చుచున్నారు. ఇది రవాణా."

సవరణ ఉత్తర్వు సాయంత్రానికే వచ్చింది. సేవించిన పులుపు జీర్ణమగు వరకు సేవించినవారు గీత వెలుపలనే ఉండవలెను. జీర్ణమైనదని తనిఖీ అధికారి ధ్రువీకరించవలెను.

ధ్రువీకరణ అంటే, తాగి బండి నడిపేవాళ్ళని పోలీసులు ఊదమన్నట్టు ఊదమనడం. వసుంధర తడి చేసిన నీలం కాగితం ముఖం ముందు పట్టుకునేది. "హా అనండి." కాగితం నీలంగానే ఉంటే ఇంటికి. ఎర్రబడితే కుర్చీలోకి. వీధివాళ్ళకి ఉద్యోగాలున్నాయి, పిల్లలున్నారు. ఎండలో ఎంతసేపుంటారు? ఒక్కొక్కరే రావడం మానేశారు. హోరకీ పానకానికీ అలవాటు పడ్డారు. చివరికి గీత అవతల తన్మయి కుర్చీ ఒక్కటే మిగిలింది.

మే నెల. కాకినాడ ఎండ పైనించే కాదు, పక్కల నుంచి కూడా కాలుస్తుంది. అత్తగారి గొడుగు ఆవిడకే చాలదు. తన్మయి తిని కూచునేది. "హా." ఎరుపు. కాసేపయ్యాక మళ్ళీ "హా." ఎరుపు. "మీది మంచి జీర్ణశక్తి కాదండీ" అంది వసుంధర బాధగా. ఆ పిల్లకీ ఎండగానే ఉంది. చెమటకి కాగితాలు చేతికి అతుక్కుంటున్నాయి.

ఆ రోజు మా ఆయన మండలి పని మీద అటే వచ్చారు. సంరక్షకుడు వారానికోసారి గీత చెరిగిందేమో చూసి సంతకం చేయాలి. గీత చూస్తూ తలెత్తేసరికి, కుర్చీలోంచి తన్మయి పక్కకి ఒరిగిపోతోంది. అత్తగారు "శంకరం!" అని అరిచిన అరుపు మా ఇంట్లోకి వినిపించింది.

నేను వెళ్ళేసరికి ఆయనా సాకేతూ కుర్చీకి చెరోవైపూ పట్టుకుని, తన్మయిని కుర్చీతో సహా మోసుకొస్తున్నారు. వెనకాల వసుంధర నీలం కాగితం పట్టుకుని పరిగెత్తుతోంది.

"సర్! జీర్ణం కాలేదు సర్! ఇంకా ఎర్రగానే ఉంది సర్!"

మా ఆయన ఆగలేదు. గీత దాటారు.

నీళ్ళు చల్లితే తన్మయి కళ్ళు తెరిచింది. డాక్టరమ్మ వచ్చి చూసి, లోపల బిడ్డ క్షేమంగానే ఉందనీ, తల్లి బరువు మరీ తగ్గిందనీ, ఇలాగే ఉంటే ఆస్పత్రిలో పెట్టి సెలైన్ ఎక్కించాలనీ చెప్పింది. వెళ్ళేటప్పుడు నా ముఖం చూసి, "ఇంత కాస్త చారు పెట్టుకోలేరుటండీ మీరు?" అంది.

మర్నాడు పొద్దున్న మండలి నుంచి పిలుపు వచ్చింది. మా ఆయన వెళుతూ, మొదట బాగుచేసిన ఆ నల్ల ల్యాప్‌టాప్‌ని చంకలో పెట్టుకున్నారు. నేనూ వెంట వెళ్ళాను. ఈసారి ఆయన్ని ఒక్కరినీ పంపదలచుకోలేదు.

దివాకరం గారు బల్ల మీద ఒక కాగితం ముందుకు తోశారు. జీర్ణము కాని పులుపుతో మండలములోనికి ప్రవేశించినందుకు శ్రీమతి తన్మయి సంజాయిషీ చెప్పుకోవలెనని నోటీసు.

"నిబంధన ప్రకారము దీనిని జారీ చేయవలసినది సంరక్షకులు. ఇచట సంతకము చేసి, తమ కోడలికి తమరే అందజేయవలెను."

"ఆ పిల్లని మోసుకొచ్చింది నేనండి" అన్నారు మా ఆయన.

"అటులైన తమకు కూడ ఒక నోటీసు తయారగుచున్నది. దానిపై కూడ తమరే సంతకము చేయవలెను."

మా ఆయన ఆ కాగితం ముట్టుకోలేదు. ల్యాప్‌టాప్ బల్ల మీద పెట్టి మూత తెరిచి, మీట నొక్కారు. తెర వెలిగింది. ఒక్క మరక లేదు.

"ఇది చూడండి సార్. ఇదీ పులిసిందే. పొర మార్చాను, వాసన పోయింది. ఇది మా వంటింటి గుమ్మం పక్కనే ఉంది, చారు పొగలోనే ఉంది. ఏం కాలేదు. పులుపు వల్ల కాదండి అది. ఆ రోజే చెప్పాల్సింది నేను. మిగతావాటికీ పొరలు మార్చేస్తాను, గొడవ వదిలిపోతుంది. అనుమతివ్వండి."

దివాకరం గారు ఆ తెరను జాలిగా చూశారు. మూత మూసి, ప్యూన్ తెచ్చిన కాఫీ గ్లాసు దాని మీద పెట్టుకున్నారు.

"ఇది పని చేయుచున్నది గదండీ!"

"అవునండి."

"పనిచేయు వస్తువునకు సంరక్షణ ఎందులకు? పొర మార్చిననాడే ఇది మామూలు కంప్యూటరు. దీనికి మా రికార్డులలో స్థానము లేదు." కాఫీ గుటకేసి, ఆయన గొంతు తగ్గించారు. "తమ మేలు కోరి హెచ్చరించుచున్నాను. మిగిలినవాటిపై తమ చేయి పడిన, సంరక్షిత తెర అనునదే ఉండదు. సంరక్షిత తెర లేనియెడల మండలము రద్దగును. మండలము రద్దయిన తమ బిరుదు రద్దగును. గోడ మీది ఫొటో కూడ దించవలసి వచ్చును. ఆలోచించుకొనుడు."

మా ఆయన గోడ వైపు చూశారు. చాలాసేపే చూశారు. తర్వాత కాఫీ గ్లాసు జాగ్రత్తగా ఎత్తి బల్ల మీద పెట్టి, ల్యాప్‌టాప్ మీది తడి చొక్కా అంచుతో తుడిచి, చంకలో పెట్టుకుని లేచారు. నోటీసు అక్కడే ఉంది. "సంతకం?" అన్నారు దివాకరం గారు. "కలం తెచ్చుకోలేదండి" అన్నారు ఈయన, జేబులో కలంతోనే.

ఇంటికొచ్చాక ఆయన ల్యాప్‌టాప్‌ని తిరిగి బల్ల మీద పెట్టారు.

మధ్యాహ్నం అందరం చాప మీద కూచున్నాం. సాకేత్ ఆ రోజు షిఫ్టు మార్చుకోలేదు. నేను పులుపు లేని పప్పు వడ్డించాను. అత్తగారు దాన్ని కంచంలో అటూ ఇటూ నెట్టి, "రంగు చూస్తే పప్పే" అన్నారు. తన్మయి గోడకి ఆనుకుని కూచుని, ముద్ద కలిపి, నోటిదాకా తీసుకెళ్ళి, దించింది. మళ్ళీ ఎత్తింది. మేమందరం చూడనట్టు తింటున్నాం.

మా ఆయన కంచం వైపు చూస్తూనే, ఉప్పందుకోమన్నంత మామూలుగా అన్నారు:

"రేపు పొద్దున్నే మొదలుపెడతాను. అన్నిటికీ పొరలు ఒలిచేస్తాను."

"అన్నిటికీనా మావయ్యగారూ?" అంది తన్మయి.

"అన్నిటికీనమ్మా. ఒక్కటీ మిగల్చను."

అత్తగారు కంచం పక్కకి జరిపి, నావైపు తిరిగి, "చింతపండు ఇప్పుడే నానబెట్టెయ్యి హైమా" అన్నారు.